బొలెరో పికప్ డీజిల్ లెక్కలకి ఫ్యూయెలియో యాప్: మదనపల్లె నుంచి ఒక రివ్యూ

మాది మదనపల్లె. ఇంట్లో ఒక బొలెరో పికప్ ఉంది, 1.7 టన్నుల మోడల్. బండి మా ఆయన తోలుతారు, ఆయనకి కుదరని రోజు మా తమ్ముడు ఎక్కుతాడు. లెక్కలు మాత్రం నావి. డీజిల్, టోలు, సర్వీసు, టైర్లు, ఫైనాన్స్ కంతులు అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. సీజన్‌లో టమాటా లోడు, సీజన్ కానప్పుడు ఏది దొరికితే అది: సిమెంటు, కోళ్ళ దాణా, ఇల్లు మారేవాళ్ళ సామాను. బిల్లుల కట్ట ముందేసుకుని కూర్చునే మనిషి రాస్తున్న రివ్యూ ఇది. స్టీరింగ్ ఎంత తేలిగ్గా తిరుగుతుందో, సీటు ఎంత మెత్తగా ఉందో నన్నడక్కండి.

నేను వాడుతున్నది ఫ్యూయెలియో అనే యాప్. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ దొరుకుతుంది, ఉచితంగా వేసుకోవచ్చు. డీజిల్ కొట్టించిన ప్రతిసారీ మీటర్ రీడింగు, లీటర్లు, రేటు ఎక్కిస్తే చాలు. మైలేజీ ఎంత, కిలోమీటరుకి ఎంత పడింది, నెలకి ఎంత పోయింది లెక్కగట్టి గ్రాఫు గీసి చూపిస్తుంది. ఈ పని లాంగ్ నోట్‌బుక్కులో కూడా చేయొచ్చు, యాప్‌కి ముందు నేను చేసిందీ అదే. కాకపోతే నోట్‌బుక్కులో రాసింది మళ్ళీ తిరగేసి చూసే ఓపిక ఎవరికి ఉంటుంది? రాస్తాం, మూసేస్తాం. పోయిన వేసవిలో ఇదే రూటుకి ఎంత తాగిందో చూద్దామంటే ఆ పేజీ దొరికేలోపు అన్నం చల్లారిపోతుంది.

పికప్ కొనబోయేవాళ్ళు మొట్టమొదట అడిగే మాట ‘మైలేజీ ఎంతిస్తుంది?’ మార్కెట్ యార్డు గేటు దగ్గర టీ కొట్టులో అడిగి చూడండి. ఒకరు 15 అంటారు, ఇంకొకరు 11 అంటారు, పక్కనున్నాయన ‘9 మించదు పో’ అంటాడు. ముగ్గురూ నిజమే చెప్తున్నారు. మొదటాయన ఖాళీ బండితో హైవే మీద 60లో నిదానంగా పోయుంటాడు. రెండో ఆయన లోడుతో పోయుంటాడు. మూడో ఆయన లోడుతో ఘాట్ ఎక్కుంటాడు. కారుకైతే ఒక అంకె చెప్తే దాదాపు సరిపోతుంది, ఎక్కేది నలుగురైదుగురే కాబట్టి. లోడు బండికి ఒక్క అంకె చెప్పి వదిలేయడమంటే కొనేవాణ్ణి తప్పుదారి పట్టించడమే. ఇన్నాళ్ళు ఈ యాప్ వాడాక నాకు గట్టిగా అనిపించింది ఇదే.

ఇక వాడకం సంగతి. యాప్ వేసుకోగానే బండి వివరాలు అడుగుతుంది. అక్కడ మైలేజీని ఏ కొలతలో చూపించాలో ఎంచుకోవచ్చు. వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు అనే లెక్క కూడా అందులో ఉంటుంది, యూరప్‌లో అలా చూస్తారు. మనకది తలకెక్కదు, అంకె పెరిగితే సంబరపడాలా ఏడవాలా అర్థం కాదు. లీటరుకి కిలోమీటర్లు అని మార్చుకోండి. డబ్బు రూపాయల్లో పెట్టుకోండి. ఇక అక్కడ చేయాల్సింది ఏమీ లేదు.

లెక్క నడిచేది ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ దాకా. ఈ రోజు ఫుల్ చేయించి మీటర్ రాసుకున్నాం. తిరిగాం. మళ్ళీ ఫుల్ చేయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో, మధ్యలో తిరిగిన దూరానికి అంతే ఖర్చయిందన్నమాట. చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యే లెక్క. కానీ మన పికప్ వాళ్ళలో ఎంతమంది ఫుల్ చేయిస్తారు చెప్పండి? చేతిలో అడ్వాన్సు ఎంతుంటే అంత. ‘వెయ్యి కొట్టు’, ‘పదిహేను వందలు కొట్టు’ అంతే. అలా కొట్టించినా యాప్ ఒప్పుకుంటుంది. ఫుల్ ట్యాంక్ అన్నచోట టిక్కు తీసేస్తే ఆ లీటర్లని పక్కన పెట్టుకుని, ఈసారి ఫుల్ అయినప్పుడు అన్నీ కలిపి లెక్క వేస్తుంది. ఎప్పుడైనా ఎక్కించడం మర్చిపోతే, మధ్యలో ఒకటి తప్పిపోయిందని చెప్పడానికి కూడా ఒక టిక్కు ఉంది. అది పెట్టకపోతే బండి లీటరుకి 25 ఇచ్చినట్టు చూపిస్తుంది, ఇంట్లో పండగ.

ఫుల్ అంటే ఏది ఫుల్ అన్నది పెద్ద పంచాయితీ. నాజిల్ టక్కుమని ఆగింది చూడండి, అదే ఫుల్. అక్కడితో ఆపేయాలి. కానీ బంకులో కుర్రాడు ఆపడు. ‘రౌండ్ చేస్తానన్నా’ అని ఇంకో ముప్పై, ఇంకో ఇరవై పిండుతూ ఉంటాడు. చిల్లర కోసం అలవాటైన పని అది. ఇప్పుడు అందరూ ఫోన్‌తో కొడుతున్నాం, 4,137 అయినా 4,137 పంపొచ్చు, రౌండ్ చేయాల్సిన అవసరమే లేదు. డీజిల్‌కి ఇంకో గొడవ నురగ. స్పీడుగా కొడితే నురగ లేచి నాజిల్ ముందే ఆగిపోతుంది, ట్యాంకులో ఇంకా చోటు ఉంటుంది. అందుకని మా ఆయనకి ఒకటే చెప్పాను: నిదానంగా కొట్టమనండి, మొదటిసారి ఆగిందా, అక్కడితో సరి. ప్రతిసారీ ఒకే తీరుగా ఉంటే చాలు, అటూఇటూ అయినా తర్వాతి ఫుల్‌లో సర్దుకుంటుంది.

సర్దుకుంటుందని అంత ధైర్యంగా చెప్పడానికి కారణం ఉంది. మా తమ్ముడు ఒక బంకు మీద కోపం పెంచుకున్నాడు. ఊరి చివర బంకులో కొట్టించినప్పుడల్లా మైలేజీ బ్రహ్మాండంగా చూపిస్తోంది, ఆ తర్వాత బైపాస్ మీది బంకులో కొట్టిస్తే పడిపోతోంది. గ్రాఫు చూస్తే రంపం పళ్ళలాగా ఒకటి పైకి, ఒకటి కిందికి. ‘అక్కా, బైపాస్ బంకోడు కొలతలో కొట్టేస్తున్నాడు, చూడు కావాలంటే’ అని ఫోన్ తీసి చూపించాడు. పోట్లాటకి పోయేముందు కొలిపించమన్నాను. ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి, అడిగితే మన ముందే కొట్టి చూపించాలి. 5 లీటర్లకి 25 మిల్లీలీటర్ల దాకా తేడా ఉండొచ్చని నిబంధన, అది దాటితే ఫిర్యాదు చేయొచ్చు. వాడు అడిగాడు, వాళ్ళు కాసేపు గొణిగి తెచ్చారు. కొట్టి చూస్తే పాత్ర మెడ మీది గీతకి సరిగ్గా వచ్చింది. బైపాస్ బంకులో ఏ తప్పూ లేదు.

మరి రంపం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఊరి చివర బంకులో నేల వాలు. నీళ్ళు పోవడానికి ఒక పక్కకి దించి సిమెంటు వేశారు. బండి ఒరిగి నిలబడుతుంది, డీజిల్ పోసే మూతి వైపు కిందికి వస్తుంది, ట్యాంకు నిండకముందే నాజిల్ ఆగిపోతుంది. అంటే అక్కడ తక్కువ లీటర్లు పట్టి మైలేజీ ఎక్కువ కనిపిస్తోంది, ఆ లోటు తర్వాతి బంకులో నిండి అక్కడ తక్కువ కనిపిస్తోంది. రెండూ కలిపి చూస్తే సరాసరి ఎప్పట్లాగే ఉంది. కాబట్టి ఒక్క ఫిల్లింగ్ అంకె చూసి ఎవర్నీ దొంగ అనకండి. కనీసం ఐదారు కలిపి చూడండి. కుదిరితే ఒకే బంకు, ఒకే పంపు, ఒకే దిక్కున బండి. అన్నిసార్లూ కుదరదు, మాకూ కుదరదు.

ఇప్పుడు లోడు సంగతికి వస్తాను, అసలు విషయం అదే. ఇలాంటి యాప్‌లన్నీ కార్లు, బైకులు ఉన్నవాళ్ళని మనసులో పెట్టుకుని చేసినవి. మీటర్ అడుగుతాయి, లీటర్లు అడుగుతాయి, సరుకు ఎంత ఎక్కించావని అడగవు. దానికి నేను నోట్స్ గడి వాడుకుంటున్నాను. ‘చెన్నై, 60 క్రేట్లు, పట్టా’ అని ఒక ముక్క (పట్టా అంటే లోడు మీద కప్పే టార్పాలిన్). ‘తిరుగు ఖాళీ’ అని ఒక ముక్క. టమాటా క్రేటు పాతిక కిలోల పైమాటే కాబట్టి ఎన్ని క్రేట్లో రాస్తే బరువు తెలిసిపోతుంది. ఘాట్ ఎక్కితే ‘ఘాట్’ అని రాస్తాను. అంతకన్నా ఎక్కువ రాయాలంటే రెండో వారానికి విసుగొస్తుంది, మొత్తానికే మానేస్తాం.

కొన్నాళ్ళు పట్టుబట్టి పోయిన చోటా, వచ్చిన చోటా రెండు చివర్లా ఫుల్ చేయించాం. లోడు వేరే, ఖాళీ వేరే తేలాలంటే అదొక్కటే దారి. మా బండికి తేలింది ఇది. లోడుతో చెన్నై కోయంబేడు మార్కెట్‌కి పోతే లీటరుకి 11 దరిదాపుల్లో. ఖాళీగా వస్తే 13.5. చెన్నై నుంచి లోడేసుకుని పైకి వస్తే 9.5. పోయేటప్పుడూ లోడే, వచ్చేటప్పుడూ లోడే, బరువు ఇంచుమించు ఒకటే, మరి ఇంత తేడా ఎందుకని మొదట నాకూ అర్థం కాలేదు. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. మనకిక్కడ ఎండాకాలం రాత్రిళ్ళు కాస్త చల్లగా ఉండేది అందుకే. చెన్నై సముద్రం పక్కన. టమాటా కిందికి దిగిపోతుంది, సిమెంటు పైకెక్కాలి. పలమనేరు కింద మొగిలి ఘాట్‌లో లోడు బండి రెండో గేరులో మూలుగుతూ ఎక్కేటప్పుడు తాగేదంతా ఆ 9.5లో ఉంది. తిరుపతి నుంచి భాకరాపేట ఘాట్ మీదుగా వచ్చినా ఇదే కథ.

సరాసరి దగ్గర మా తమ్ముడూ నేనూ ఎప్పుడూ కొట్లాడుకుంటాం. బెంగళూరుకి లోడుతో పోతే 10, ఖాళీగా వస్తే 14 అనుకుందాం. వాడు రెండూ కలిపి సగం చేసి 12 అంటాడు. కాదు. పోనూ 120 కిలోమీటర్లకి 12 లీటర్లు, రానూ 120కి 8.6 లీటర్లు, మొత్తం 20.6. 240ని 20.6తో భాగించండి, 11.7 వస్తుంది. ఎక్కువ తాగే దారిలో ఎక్కువ లీటర్లు పోతాయి కాబట్టి సరాసరి ఎప్పుడూ తక్కువ అంకె వైపే ఒరుగుతుంది. ఇదేం పెద్ద తేడా అంటారా? నెలంతా తిరిగే బండికి నెలాఖరులో తెలుస్తుంది. యాప్ మొత్తం దూరాన్ని మొత్తం లీటర్లతో భాగించిన సరాసరి చూపిస్తుంది, దాన్నే నమ్మండి. బాడుగ మాట్లాడేటప్పుడు నోటి లెక్క వద్దు.

కర్ణాటక బోర్డర్ డీజిల్ గురించి రాయకపోతే మదనపల్లె వాళ్ళెవరూ నన్ను క్షమించరు. మన ఆంధ్రాలో డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్, దానిపైన లీటరుకి 4 రూపాయలు, దానిపైన రోడ్డు సెస్సు 1 రూపాయి. అందుకే 2025లో మన దగ్గర 97 పైచిలుకు ఉంటే బెంగళూరులో 91 దగ్గర ఉంది. అంతకుముందు తేడా ఇంకా ఎక్కువ ఉండేది. కర్ణాటక వాళ్ళు 2024 జూన్‌లో పన్ను పెంచితే లీటరు 3 రూపాయలు పెరిగింది, 2025 ఏప్రిల్‌లో మళ్ళీ 2 రూపాయలు. అయినా అప్పటికీ ఆరు రూపాయల పైనే లాభం. బోర్డర్ దగ్గరి చీకలబైలు దాటి కర్ణాటకలోని రాయల్పాడు వైపు పోతే బంకుల దగ్గర ఆంధ్రా నంబరు బళ్ళే వరసగా కనిపిస్తాయి.

దీన్ని చూసి కొంతమంది పని లేకపోయినా డీజిల్ కోసమే అటు పోయి ఫుల్ చేయించుకొస్తారు. లెక్క వేద్దాం. 50 లీటర్లు పట్టిందనుకుందాం, లీటరుకి ఆరున్నర మిగిలితే 325 రూపాయలు. రానూ పోనూ 40 కిలోమీటర్లు అనుకుంటే, ఖాళీ బండికి 3 లీటర్లు ఖర్చు, 290. చేతిలో మిగిలింది 35 రూపాయలు, అందులో అక్కడ తాగిన టీ డబ్బులు కూడా పోవాలి. టైరు అరుగుదల, గంటన్నర టైము లెక్కలోనే లేవు. అదే బెంగళూరు లోడు దించి వస్తూ దారిలో కొట్టించుకుంటే 325కి 325 మిగులు. కాబట్టి మా ఇంట్లో పద్ధతి ఇప్పుడిది: కర్ణాటక ట్రిప్పుకి పోయేముందు ఇక్కడ అక్కడిదాకా చాలేంతే కొట్టించడం, వచ్చేటప్పుడు బోర్డర్ ఇవతలికి రాకముందే ఫుల్. చెన్నై పోయినా అంతే, తమిళనాడులో కూడా మనకన్నా తక్కువే. యాప్‌లో ఒక్కో ఫిల్లింగ్‌కి రేటు విడిగా ఉంటుంది కాబట్టి కిలోమీటరుకి ఎంత పడిందో చూస్తే చాలు. మైలేజీ ఒకటే ఉన్నా, కర్ణాటకలో కొట్టించిన నెలల్లో కిలోమీటరు ఖర్చు అర్ధ రూపాయి దాకా తగ్గి కనిపిస్తుంది. ఆ 2025 రేట్లకి, లీటరుకి 11 ఇచ్చే బండికి ఇక్కడి డీజిల్‌తో 8.80 పైన, అక్కడి డీజిల్‌తో 8.30 లోపల. ఈ అర్ధ రూపాయిని ఏ ఇంజన్ ఆయిలూ, ఏ మైలేజీ మందూ తేలేదు. ట్యాంకులో పోసే ఆ సీసాల మందులు అమ్మేవాళ్ళు మార్కెట్ యార్డు దగ్గరికి కూడా వస్తుంటారు, తీసుకోకండి.

తెల్లవారుజామున కొట్టిస్తే డీజిల్ చిక్కగా ఎక్కువ వస్తుందని మా ఆయన నమ్మకం. ఆయనతో వాదించి లాభం లేదు గానీ మీకు చెప్తాను. పది డిగ్రీల వేడి తేడాకి డీజిల్ ఒక శాతం కూడా వ్యాకోచించదు. పైగా బంకు ట్యాంకు భూమి లోపల ఉంటుంది, పగలైనా రాత్రయినా దాని వేడి పెద్దగా మారదు. నా గ్రాఫులో పొద్దున కొట్టించినవీ మధ్యాహ్నం కొట్టించినవీ విడదీసి చూశాను, ఏ తేడా లేదు. 2017 జూన్ 16 నుంచి రేట్లు రోజూ పొద్దున ఆరింటికి మారే పద్ధతి వచ్చింది కాబట్టి, రేటు పెరుగుతుందని తెలిసిన రోజు ఆరు లోపల కొట్టించుకుంటే మాత్రం లాభమే. చిక్కదనం వల్ల కాదు.

యాప్ తన ఖర్చు తను సంపాదించుకున్న సందర్భం అంటే (ఉచితం అనుకోండి, నా టైము ఖర్చు) వెనక చక్రం సంగతే. చెన్నై రూటు, అవే 60 క్రేట్లు, అదే దారి. 11 ఇచ్చే బండి 10.6కి వచ్చింది, తర్వాత 10.3, తర్వాత 10. ఒక్కసారిగా పడిపోయుంటే ఎవరైనా గమనిస్తారు. ఇలా మెల్లగా జారితే బండి తోలేవాళ్ళకి తెలియదు, రోజూ చూసే పిల్లల ఎత్తు మనకి తెలియనట్టే. నోట్స్‌లో లోడు ఒకటేనని ఉంది కాబట్టి బరువు మీదికి నెట్టే వీల్లేదు. టైర్లలో గాలి చూపించారు, సరిగానే ఉంది. ఎయిర్ ఫిల్టర్ దులిపించారు. ఏం లేదు. ఒక రాత్రి ట్రిప్పు నుంచి వచ్చాక ఇంటి ముందు బండి ఆపి మా ఆయన వెనక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశారు. ఎడమ పక్క మామూలు వేడి. కుడి పక్క చెయ్యి ఆనించలేనంత వేడి, కాలిన వాసన. సీసాలోంచి రెండు చుక్కల నీళ్ళు చల్లితే చుయ్యిమంది. బ్రేకు పూర్తిగా వదలడం లేదు, లైనర్ డ్రమ్ముకి రాసుకుంటూనే ఉంది. అంటే బండి బ్రేకు తొక్కుకుంటూనే చెన్నై దాకా పోయి వస్తోంది. మెకానిక్ విప్పి, శుభ్రం చేసి, స్ప్రింగు మార్చి, సెట్ చేసి పంపించాడు. మళ్ళీ 11. డీజిల్ పోతే పోయింది, ఘాట్ దిగేటప్పుడు ఆ బ్రేకు వేడెక్కి పట్టు వదిలేసి ఉంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ టెన్షనే.

ఇబ్బందులు ఏమిటంటే, మొదటిది మనుషులది. బండి తోలే మనిషికి బంకులో నిలబడి అంకెలు టైప్ చేసే ఓపిక ఉండదు, వెనక హారన్లు మోగుతుంటాయి. మా ఇంట్లో కుదిరిన ఏర్పాటు వాట్సాప్. పంపు డిస్‌ప్లే ఒక ఫోటో, బండి మీటర్ ఒక ఫోటో. రాత్రి తీరిగ్గా నేను ఎక్కిస్తాను. బిల్లు కాగితం ఫోటో వద్దన్నాను, ఆ కాగితం మీద అక్షరాలు ఎండ తగిలితే వారానికే మాయం. మీటర్, లీటర్లు, రేటు, మొత్తం డబ్బు అని నాలుగు గడులుంటాయి. డబ్బూ రేటూ కొడితే లీటర్లు అదే వేసుకుంటుంది. మీటర్‌లో ఒక అంకె అటూఇటూ అయితే గ్రాఫు ఆకాశానికి పోతుంది, అప్పుడు వెనక్కి పోయి దిద్దుకోవాలి.

రెండోది, మీటరే తప్పు చూపిస్తే యాప్ ఏం చేస్తుంది? టైర్లు మార్చినప్పుడు సైజు కాస్త మారినా దూరం తేడా వస్తుంది. హైవే పక్కన కిలోమీటర్ రాళ్ళున్నాయి కదా, యాభై రాళ్ళ దూరం పోయి మీటర్‌లో యాభై తిరిగిందో లేదో ఒకసారి సరిచూసుకుంటే సరిపోతుంది.

జీపీఎస్‌తో ట్రిప్పు రికార్డు చేసే సదుపాయం కూడా ఉంది. మేము వాడటం లేదు, ఫోన్ ఛార్జింగ్ మ్యాపులకీ పాటలకే చాలదు. టోలు, ఇన్సూరెన్సు, సర్వీసు ఖర్చులు ఎక్కించుకోవడానికి వేరే చోటు ఉంది, అది మాత్రం తప్పకుండా వాడండి. ఇన్ని కిలోమీటర్లకి ఆయిల్ మార్చాలి, ఫలానా తేదీకి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) అయిపోతుంది అని పెట్టుకుంటే గుర్తు చేస్తుంది. సీఎన్‌జీ పికప్ ఉన్నవాళ్ళు రెండు ఇంధనాలూ ఒకే బండి కింద విడివిడిగా రాసుకోవచ్చు. డ్రైవర్‌ని జీతానికి పెట్టుకున్నవాళ్ళు దీన్ని డ్రైవర్ మీద నిఘాకి వాడదామనుకుంటారేమో, ఆ వాలు బంకు కథ ఇంకోసారి చదవండి.

గూగుల్ డ్రైవ్‌కి బ్యాకప్ పెట్టుకోవడం మర్చిపోవద్దు. సీఎస్‌వీ ఫైలుగా బయటికి తీసుకునే వీలుంది, ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది. లోడు వేరు, ఖాళీ వేరు అని విడదీయడం యాప్ లోపల కుదరదు కాబట్టి నేను ఆ ఫైలు తీసి నోట్స్ గడిని బట్టి వరస మార్చుకుంటాను. కంప్యూటర్ సెంటర్‌లో నేర్చుకున్న ఎక్సెల్ పెళ్ళయ్యాక పనికొచ్చింది ఇక్కడే.

ఆ ఫైలుతో జరిగిన చివరి బేరం చెప్పి ఆపుతాను. చెన్నై నుంచి తిరుగు లోడు ఇప్పించే ఏజెంటు ఒకాయన ఉన్నాడు. ఎప్పుడూ ఒకటే మాట: ‘ఎట్లాగూ ఖాళీగా రావాల్సిందే కదమ్మా, ఎంతొస్తే అంత లాభమేగా.’ నేను ఫోన్‌లోనే లెక్క చెప్పాను. 250 కిలోమీటర్లు ఖాళీగా వస్తే 18 లీటర్ల చిల్లర. లోడుతో ఎక్కితే 26 పైన. దాదాపు 8 లీటర్లు ఎక్కువ, తమిళనాడు రేటుకే 700 దాటుతుంది. లోడు కోసం అక్కడ సగం రోజు ఆగడం, హమాలీలకి టీలు, ఘాట్‌లో క్లచ్చు, టైర్లు వేరే. ఆయన వెయ్యి ఇస్తానంటున్న లోడుకి డీజిల్ పోను 300 కూడా మిగలదు. పద్దెనిమిది వందలు అడిగాను. కాసేపు ‘అందరూ వస్తున్నారమ్మా, మీరే లెక్కలు చెప్తున్నారు’ అని సణిగి పదిహేను వందలకి ఒప్పుకున్నాడు. వెయ్యికి వచ్చే బండ్లు ఇప్పటికీ ఉన్నాయంట. మా ఆయన మాత్రం ఆ రేటుకి లోడు లేకపోతే రాత్రికి రాత్రే ఖాళీగా బయల్దేరి వచ్చేస్తున్నారు.